జామచెట్టు కింద పిప్పి ఉండలు

రాత్రి పదిన్నర దాటాక జామచెట్టులో సందడి మొదలయ్యేది. ముందు ఆకులు గలగలమనేవి. తర్వాత తడి గొడుగు విదిలించినట్టు ఫటఫటమని రెక్కల చప్పుడు. ఆ వెంటనే ఏదో నేలమీద టప్పున పడేది. కిటికీ పక్క మంచం నాది. దుప్పటి ముసుగేసుకుని, ఒక్క చెవి మాత్రం బయట పెట్టి వినేదాన్ని. భయం భయమే, వినాలన్న సరదా సరదాయే.

"పడుకోవే. గబ్బిలాలు. అవి నిన్నేం కొరుక్కు తినవు, వాటికి జామపళ్లు చాలు" అనేది పక్క మంచం మీంచి నానమ్మ.

పొద్దున లేవగానే చెట్టు కిందికి పరిగెత్తడం నా పని. సగం కొరికిన పళ్లు, చిరిగిన ఆకులు, వాటి మధ్య అక్కడక్కడా చిన్న చిన్న ఉండలు. కొన్ని గోళీ అంత, కొన్ని ఇంకా చిన్నవి. పాలిపోయిన రంగు, ఎండిన దూదంత తేలిక. ఒక పక్క నున్నగా, రెండో పక్క అడ్డంగా సన్నటి గీతలు, ఎవరో దువ్వెన పెట్టి నొక్కినట్టు. పుల్లతో విప్పి చూసేదాన్ని. పీచు, తొక్క ముక్కలు, ఒకటి రెండు గింజలు. రసం మాత్రం చుక్క మిగిలేది కాదు.

"నానమ్మా, ఇవేంటి?"

"గబ్బిలం పెంట. దానికి వెనక దారి లేదు. తినేదీ ఆ నోటితోనే, విడిచేదీ ఆ నోటితోనే."

నమ్మేశాను. ఎందుకు నమ్మనూ? తలకిందులుగా వేలాడే ప్రాణికి ఇంకో దారంటూ ఉంటే అదెలా పనిచేస్తుందో నా బుర్రకీ అందలేదు. పైగా దాని పేరే గబ్బిలం. గబ్బు కొడుతుంది కాబట్టే ఆ పేరు పెట్టుంటారని నా సొంత పాండిత్యం ఒకటి. ఆ ఉండల్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం గబ్బేమీ లేదు, శుభ్రంగా జామపండు వాసనే. అయినా నాకు అనుమానం రాలేదు.

తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. "నువ్వు చూశావా?" అనేవాడు. "లేదని నువ్వు చూశావా?" అనేది నానమ్మ. ఇద్దరూ చూడలేదు. ఈ గబ్బిలం తగాదా వాళ్ల మధ్య నా చిన్నప్పటినుంచి నా డిగ్రీ దాకా నడిచింది.

ఆ ఉండల సంగతి నాకు తెలిసింది చాలా తర్వాత. అది పెంట కాదు, పిప్పి. పండ్లు తినే గబ్బిలం ముక్క కొరికి, చదునుగా ఉండే దవడ పళ్లతో నలిపి, నాలుకతో అంగిలికి అదిమి పిండుతుంది. దాని అంగిలి నిండా అడ్డంగా గట్లు గట్లుగా ఉంటాయి. రసం, మెత్తటి గుజ్జు గొంతులోకి జారిపోతాయి. మిగిలిన పీచుని ఉండ చేసి ఉమ్మేస్తుంది. నేను దువ్వెన గీతలనుకున్నవి ఆ అంగిలి అచ్చులు. అంత దగ్గరగా పెట్టుకుని చూసినా ఏం చూస్తున్నానో తెలియలేదు నాకు.

ఇంత తతంగం ఎందుకంటే బరువు కోసం. ఎగరాల్సిన ఒంట్లో పీచు మోసుకు తిరగడం దండగ. పోనీ మింగినా అది అరగదు. ఆవు కడుపులోలాగా పీచుని నానబెట్టి, పులియబెట్టి కరిగించుకునే ఏర్పాటు గబ్బిలానికి లేదు. తాగిన రసం కూడా లోపల ఎక్కువసేపు ఆగదు, పావుగంట నుంచి అరగంటలో ఇటునుంచి అటు దాటిపోతుంది. "అటు" అంటే ఎటు అన్నదే మా ఇంట్లో తగాదా.

ఇంకో విచిత్రం. జామచెట్టుకి కాస్త దూరంలో, గోడ అవతల ఒక వేపచెట్టు ఉండేది. దాని కింద కూడా కొరికిన జామకాయలు, పిప్పి ఉండలు. వేపచెట్టుకి జామకాయలు కాస్తున్నాయని క్లాసులో చెబితే వారం రోజులు ఏడిపించారు నన్ను. మా చెట్టుకొచ్చేవి చిన్న గబ్బిలాలు, పొట్టి ముక్కువి. అవి కాపున్న చెట్టు మీద కూర్చుని తినవు. పండు నోట కరుచుకుని ఇంకో చెట్టుకి పోయి, అక్కడ తీరిగ్గా వేలాడుతూ తింటాయి. పళ్లున్న చెట్టు దగ్గర పోటీ ఎక్కువ, గుడ్లగూబలూ పాములూ మాటు వేసేదీ అక్కడే. రెక్కలు చాపితే నాలుగడుగులు దాటే పెద్ద జాతులకి ఈ మొహమాటం లేదు. చెట్టు మీదే తిష్ఠ వేసి, పక్కదాన్ని అరిచి తరిమి, అక్కడే కడుపు నింపుకుంటాయి.

ఒక్కోసారి ఆ వేపచెట్టు కింద ఆకుపచ్చ ఉండలు కూడా దొరికేవి. వాటిని నేను గొంగళిపురుగుల ఖాతాలో వేసేశాను. పళ్లలో తీపికి కొదవ లేదు గానీ మాంసకృత్తులు తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి కొన్ని జాతులు ఆకులు కూడా నములుతాయి. అక్కడా అదే పద్ధతి, రసం మింగి పిప్పి ఉమ్మడం. పిల్లతల్లికి కాల్షియం కూడా కావాలి, అది మర్రి, రావి, మేడి లాంటి వాటి పళ్లలో బాగా దొరుకుతుంది. కాన్పుకి సాధారణంగా ఒక్క పిల్లే. పుట్టిన కొత్తలో దాన్ని పొట్టకి కరిపించుకునే ఎగురుతుంది తల్లి.

గబ్బిలాన్ని చేతికందేంత దగ్గరలో చూసింది నేను ఒక్కసారే. గాలివాన వెలిసిన రాత్రి. పెరట్లో ఏదో టపటపా కొట్టుకుంటుంటే తాతయ్య టార్చి లైట్ తీసుకుని వెళ్లాడు, వెనకే నేను. బురదలో ఒక గబ్బిలం రెక్కలు పరుచుకుని బోర్లా పడి ఉంది. ఎగరడానికి నానా తిప్పలు పడుతోంది గానీ నేలమీంచి లేవలేకపోతోంది. వేలాడే చోటునుంచి కిందికి జారి గాలి అందుకోవడం దానికి అలవాటు. నేలమీద పడితే పాకుతూ ఏ చెట్టో ఎక్కాల్సిందే.

తాతయ్య గోనెసంచి మడిచి చేతికి చుట్టుకుని దాన్ని ఎత్తాడు. "దగ్గరికి రాకు, అక్కడే ఉండి చూడు" అన్నాడు. అది కుక్కపిల్ల మొహం. నల్లగా మెరిసే పెద్ద కళ్లు, టార్చి వెలుగుకి నారింజ రంగులో వెలిగాయి. ముక్కు రంధ్రాలు రెండూ చిన్న గొట్టాల్లా చెరోపక్కకి తిరిగి ఉన్నాయి. చెవుల అంచుకి తెల్లటి గీత, పిల్లలకి కాటుక దిద్దినట్టు ఎవరో సున్నం దిద్దారా అన్నట్టు. తాతయ్య ఒక రెక్క నెమ్మదిగా విప్పితే గొడుగు విప్పినట్టు విచ్చుకుంది. ఆ పొరలోంచి ఎముకలు కనిపిస్తున్నాయి. లెక్కపెట్టాను. బొటనవేలు విడిగా, కొక్కెంలాంటి గోరుతో. తర్వాత నాలుగు పొడుగాటి వేళ్లు. వాటిలో మొదటిదానికి కూడా చిన్న గోరు. అది రెక్క కాదు, చెయ్యి! నా చెయ్యి లైటు ముందు పెట్టి, దాని చేత్తో పోల్చి చూసుకున్నాను. గబ్బిలాల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కైరోప్టెరాకి గ్రీకులో అర్థం చేతిరెక్క అని పెద్దయ్యాక చదివినప్పుడు, ఆ బురద వాసనతో సహా ఆ రాత్రి గుర్తొచ్చింది.

దాన్ని జామకొమ్మకి ఆనించాడు తాతయ్య. కాలివేళ్లు కొమ్మని పట్టుకున్నాయో లేదో, ఒళ్లంతా కిందికి వదిలేసి వేలాడింది. పడిపోతుందేమో అని నా భయం. పడదు. మనం కడ్డీ పట్టుకుని వేలాడాలంటే చేతి కండరాలు బిగించాలి, వదిలేస్తే పడిపోతాం. దానిది తిరకాసు. ఒంటి బరువే కాలి స్నాయువుల్ని, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లలాంటి నారల్ని, లాగి వేళ్లని ముడిచి, అక్కడ తాళం వేసినట్టు బిగించేస్తుంది. వేలాడటానికి కష్టపడక్కర్లేదు, వదలడానికే పట్టు సడలించాలి. నిద్రలో ప్రాణం పోయినా అలాగే వేలాడుతూ ఉండిపోయేవి ఉన్నాయి. ఎవరైనా ఇంటికొచ్చి కదలకపోతే "గబ్బిలంలా వేలాడుతున్నాడు" అంటాం కదా, అన్నవాళ్లకి ఈ తాళం సంగతి తెలుసో లేదో!

మర్నాడు స్కూల్లో సైన్సు క్లాసు. గబ్బిలాలకి కళ్లు కనిపించవు, అరిచి ఆ ప్రతిధ్వనితో దారి తెలుసుకుంటాయి అని పాఠం. నేను లేచి, రాత్రి చూశాను, దానికి ఇంత కళ్లున్నాయి అన్నాను. కూర్చోమన్నారు. వేపచెట్టు జామకాయల పిల్లే కదా ఇది అని అందరూ నవ్వారు. ఆ కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ప్రపంచంలో గబ్బిలాల్లో 1,400కు పైగా జాతులున్నాయి. కళ్లు లేని గబ్బిలం ఒక్కటీ లేదు. వాటిలో ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల్లో పండ్లు, తేనె మీద బతికే కుటుంబం ఒకటుంది, సుమారు 200 జాతులు. వీటిలో ఏదీ గొంతుతో అరిచి ఆ ప్రతిధ్వనితో దారి వెతుక్కోదు. కళ్లూ ముక్కే ఆధారం. గుహల్లో ఉండే రూసెట్ గబ్బిలాలు మాత్రం నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసి చీకట్లో దారి పట్టుకుంటాయి. ఇంకో మూడు జాతులు ఎగురుతూ రెక్కలతోనే అలాంటి టిక్కు చప్పుళ్లు చేస్తాయని 2014లో బయటపడింది. మధ్య, దక్షిణ అమెరికాల్లో పండ్లు తినే గబ్బిలాలు వేరే కుటుంబం. పురుగులు తినే పూర్వీకుల నుంచి విడిగా పండ్లకి అలవాటు పడ్డాయి. వాటికి ప్రతిధ్వనీ ఉంది, కళ్లూ ఉన్నాయి. టీచరుగారు సగం రైటు, నేను సగం రైటు. ఆ రోజు మార్కులు ఆవిడకే పడ్డాయి.

తాతయ్యని ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. పొద్దున కోద్దాం, ఇంకా కాస్త ముగ్గాలి అని వదిలిన పండు సరిగ్గా ఆ రాత్రే మాయమయ్యేది. "వీటి దగ్గర క్యాలెండరేమన్నా ఉందేమిటి?" అనేవాడు. క్యాలెండర్ సంగతేమో గానీ ముక్కుంది. పక్షుల్ని పిలిచే పళ్లు ఎర్రగా, నల్లగా రంగులతో పిలుస్తాయి. గబ్బిలాల్ని పిలిచే పళ్లు చాలావరకు ముగ్గినా రంగు తేలవు, వాసన మాత్రం గుప్పుమంటుంది. ఆకుల మధ్య ఇరుక్కోకుండా కొమ్మ చివర్లలోనో, కాండానికే అతుక్కునో కాస్తాయి, రెక్కలకి అడ్డం లేకుండా. ముక్కుతో పాటు జ్ఞాపకం కూడా ఉంది వాటికి. ఈజిప్టు పండ్ల గబ్బిలాలకి చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి రాత్రుళ్లు వెంటాడిన రెండు అధ్యయనాలు 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. అవి చెట్టు చెట్టూ వెతుక్కుంటూ తిరగడం లేదు. కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫలానా చెట్టుకి తిన్నగా పోతున్నాయి, ఇంతకుముందు వెళ్లని అడ్డదారిలో కూడా. తలలో మ్యాపు ఉంటే తప్ప అది కుదరదు. ఆ మ్యాపులో మా జామచెట్టు కూడా ఒక చుక్క అయ్యుంటుందని తల్చుకుంటే ఇప్పుడు గర్వంగా ఉంటుంది. పున్నమి రోజుల్లో మాత్రం రాక బాగా తగ్గేది. వెన్నెల్లో గుడ్లగూబ కంట పడతామని బయటికి రావడం తగ్గించే జాతులు నిజంగానే ఉన్నాయి.

అమ్మకి మాత్రం ఈ ముచ్చట్లేవీ పట్టేవి కాదు. ఆవిడ బాధ గోడలది, ఆరేసిన బట్టలది. మర్రిపళ్ల కాలంలో తెల్లటి గోడ నిండా ఊదా రంగు చారలు, వాటిలో ఆవగింజ కన్నా చిన్న గింజలు. చార పైనుంచి కిందికి కాకుండా ఏటవాలుగా పడేది. ఎగురుతూ వదిలింది కదా మరి. "ఇది కూడా నోట్లోంచేనా నానమ్మా?" అని అడిగాను. "ఎగురుతూ కక్కుకుంటుంది" అంది ఏమాత్రం తడుముకోకుండా.

ఆ చారలే అడవికి నారు. చాలా పక్షులు కొమ్మ మీద వాలి రెట్ట వేస్తాయి కాబట్టి ఆ విత్తనం ఎక్కువగా చెట్టు కిందే పడుతుంది. గబ్బిలం ఎగురుతూనే వదిలేస్తుంది, కాబట్టి నరికేసిన బీడు మీద కూడా విత్తనం పడుతుంది. దక్షిణ అమెరికాలో చెట్లు కొట్టేసిన చోట మొదట మొలిచే మొక్కలు చాలా వీటి చలవే. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవి బూడిదయ్యాక మర్రి జాతి చెట్లు మళ్లీ అక్కడ పుట్టాయంటే, సముద్రం దాటించింది పక్షులూ గబ్బిలాలే. మా పిట్టగోడ పగుల్లో ఏటా ఒక మర్రి మొలక వచ్చేది. తాతయ్య పీకేవాడు, గోడ పాడవుతుందని. మళ్లీ ఏడు మళ్లీ వచ్చేది.

ఒక తప్పు కూడా చెప్పాలి. గబ్బిలం కొరికిన పండు మహా తియ్యగా ఉంటుందని చిన్నప్పుడు మా పిల్లలందరి నమ్మకం. కొరికిన చోటు తీసేసి, మిగతాది కడుక్కుని తినేసేవాళ్లం. తియ్యగా ఉండటం నిజమే, బాగా ముగ్గినదాన్నే కదా అది ఎంచుకునేది. కానీ 1998, 99ల్లో మలేషియాలో పందులకీ మనుషులకీ సోకిన నిపా వైరస్ ఇల్లు పెద్ద పండ్ల గబ్బిలాలే. వాటి ఎంగిలిలో, మూత్రంలో అది ఉంటుంది, వాటికి మాత్రం జబ్బు చేయదు. కొరికిన పండు తినకూడదు, కింద పడ్డ గబ్బిలాన్ని ఉత్త చేతుల్తో ముట్టకూడదు. తాతయ్య గోనెసంచి ఎందుకు చుట్టుకున్నాడో తెలీదు గానీ, మంచి పని చేశాడు.

అలాగని వాటిని చంపేయాలనే వాళ్లతో నాకు పడదు. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో ఒక చిన్న పండ్ల గబ్బిలం జాతి ఉండేది. 1968 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. మారిషస్‌లో లీచీ, మామిడి తోటల్ని కాపాడాలని 2015 నుంచి ప్రభుత్వమే వేలల్లో చంపించింది. ఆగ్నేయాసియాలో డూరియన్ అనే ముళ్ల పండు చెట్ల పూలకి రాత్రిపూట పుప్పొడి మోసేవీ ఈ కుటుంబంలోవే.

నానమ్మకి షుగర్ వచ్చిన ఏడు జామపళ్లు కూడా లెక్కపెట్టి తినమన్నారు. "రాత్రంతా తీపి తాగే ఆ గబ్బిలానికి రాదేం ఈ రోగం?" అని విసుక్కునేది. అది విసుగే అనుకున్నాను గానీ మంచి ప్రశ్న. చిన్న పండ్ల గబ్బిలం ఒక రాత్రిలో దాదాపు తన బరువంత పండు తినగలదు. తిన్న వెంటనే నెత్తుట్లో చక్కెర మనకైతే ఆసుపత్రి పాలయ్యేంత పెరిగి, కాసేపట్లో దిగిపోతుంది. 2024 జనవరిలో వచ్చిన ఒక పరిశోధనలో జమైకా పండ్ల గబ్బిలాన్ని, పురుగులు తినే ఇంకో గబ్బిలాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. పండ్లదాని క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు ఎక్కువ. మూత్రపిండాలు కూడా నీళ్లని వదిలేసి, పళ్లలో కాస్తోకూస్తో దొరికే లవణాల్ని గట్టిగా పట్టుకునేలా మారాయి. ఈ జవాబు వినడానికి నానమ్మ లేదు.

నోటి తగాదా మాత్రం ఆవిడ ఉండగానే తేలింది. డిగ్రీలో ఉండగా, కాలేజీకి వెళ్లే దారిలో పెద్ద గబ్బిలాలు మకాం పెట్టిన చెట్టు ఒకటి ఉండేది. నాలుగైదు వందలుంటాయి. పగలంతా ఒకటే గోల, కొమ్మ కోసం కొట్లాట. ఎండ ముదిరితే గోల తగ్గి, అన్నీ రెక్కలతో విసురుకోవడం మొదలుపెట్టేవి. విసనకర్రలు అమ్మే సంతలా ఉండేది చెట్టు. ఇంకా వేడెక్కితే రెక్కల్ని, ఛాతీని నాకి ఉమ్మితో తడుపుకుంటాయి, చెమట పట్టదు కాబట్టి. 42 డిగ్రీలు దాటితే ఆ ఉపాయాలూ చాలవు. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ చుట్టుపక్కల రెండు రోజుల ఎండకి 23,000 గబ్బిలాలు చెట్ల మీంచి రాలిపోయాయి. అది చదివినప్పుడు నాకు ఆ విసనకర్రల చెట్టే కళ్లముందు కదిలింది.

ఓ మధ్యాహ్నం స్నేహితురాలి బైనాక్యులర్ పట్టుకుని ఆ చెట్టు ఎదురుగా నిలబడ్డాను. ఒకటి ఒంటికాలి మీద వేలాడుతూ, రెక్కలు దుప్పటిలా చుట్టుకుని నిద్రపోతోంది. కాసేపటికి కళ్లు తెరిచింది. రెండో కాలితో చెవి గోక్కుంది. తర్వాత రెక్కలు విప్పి, రెండు బొటనవేళ్ల కొక్కేలూ పై కొమ్మకి తగిలించింది. తగిలించి, కాళ్లు వదిలేసింది. ఒక్క క్షణంలో తల పైకి, కాళ్లు కిందికి వచ్చాయి. కడ్డీ పట్టుకుని వేలాడే పిల్లాడిలా ఉంది. ఒంటికి దూరంగా కాళ్లు పెట్టి శుభ్రంగా ధార వదిలింది. ఒకసారి విదిలించుకుంది. కాళ్లు పైకెత్తి కొమ్మ అందుకుని, మళ్లీ తలకిందులై, దుప్పటి చుట్టుకుని పడుకుంది. మొత్తం అరనిమిషం కూడా పట్టలేదు. కాసేపటికి పక్క కొమ్మ మీదది కూడా అలాగే లేచి, ఈసారి రెండో పని కూడా కానిచ్చింది.

నేను రోడ్డు మీద గట్టిగా నవ్వేశాను. ఎవరో ఆగి చూశారు కూడా. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేశాను.

"నానమ్మా, దానికి వెనక దారి ఉంది. నా కళ్లతో చూశాను. లేచి నిలబడి మరీ పోస్తుంది."

కాసేపు అటునుంచి మాట లేదు. వెనకాల తాతయ్య పకపకా నవ్వడం మాత్రం వినిపిస్తోంది.

"మరి జామచెట్టు కింద ఉండలు నోట్లోంచి పడ్డవా, కాదా?"

"నోట్లోంచే."

"అదే కదా నేను చెప్పింది."

"నువ్వు అదొక్కటే చెప్పలేదు నానమ్మా... సరే, తాతయ్యకివ్వు ఫోన్."

"ఆయన పడుకున్నారు" అని పెట్టేసింది.